బోరు నీళ్ల విభూతి

మా ఇంట్లో బోరు నీళ్లు తగిలిన వస్తువల్లా తెల్లబడుతుంది. స్టీలు బిందె కడిగి, తడి ఆరేలోగా గుడ్డతో తుడవకపోతే చుక్క చుక్కకూ ఒక మచ్చ మిగులుతుంది. కొళాయి మూతికి పెచ్చు కడుతుంది. నల్లచీర నాలుగు ఉతుకులకు బూడిదరంగు చీర అవుతుంది. సబ్బు నురగ రాదు. విరిగిన పాలలాగా తునకలై ఒంటిమీద నుంచి జారిపోతుంది. తలస్నానం చేసిన రోజు జుట్టు కొబ్బరిపీచే. కందిబ్యాళ్లు ఈ నీళ్లలో వేస్తే కుక్కరు ఎన్ని కూతలు పెట్టినా పలుకు పలుకుగానే ఉంటాయి. అందుకని పప్పుకు, టీకి, తాగడానికి క్యాను నీళ్లు. మిగతా అన్నిటికీ బోరు నీళ్లు.

ఈ నీళ్లను అందరూ తిట్టుకుంటారు. నాకు మాత్రం తిట్టబుద్ధి కాదు. వానలు ఎగ్గొట్టిన ఏడాది కూడా ఆ బోరు మమ్మల్ని ఎండబెట్టలేదు. ఉప్పగానో చేదుగానో, తిప్పితే వస్తాయి. పైగా ఒంటరి మనిషికి పని కూడా దొరుకుతుంది. పొద్దున చింతపండు పిసికి బిందె తోముతాను. మధ్యాహ్నం కొళాయి మూతికి నిమ్మచెక్క తగిలించి, మెత్తబడ్డాక పాత బ్రష్షుతో రుద్దుతాను. సాయంత్రానికి మళ్లీ అంతా తెల్లగా ఉంటుంది. ఎవరూ రాని ఇంట్లో ఆ తెలుపైనా రోజూ వస్తోంది కదా అనుకుంటాను.

నేను ఉండేది కొత్తచెరువులో, ఒక మేడ మీద వాటాలో. పుట్టింది ధర్మవరం పక్క పల్లెలో. మా నాయన మగ్గం నేసేవాడు. చిన్నప్పుడే నా మోకాళ్లు లోపలికి వంగిపోయాయి. ఊరి నీళ్లలో ఫ్లోరైడు ఉందని తర్వాత ఎప్పుడో డాక్టర్లు చెప్పారు. నాకొక్కదానికే కాదు, మా వీధిలో చాలామందికి అదే నడక. బడి దూరం. అందుకని నాయన నన్ను మగ్గం గుంత పక్కన కూర్చోబెట్టుకుని, నేస్తూనే అక్షరాలు దిద్దించాడు. పలక మీద నేను రాస్తుంటే ఆయన కాళ్లు తొక్కుతూనే ఉండేవి. తప్పు రాసినప్పుడు మాత్రం మగ్గం ఆగేది. తలెత్తి చూడకుండానే తప్పని నాకు తెలిసిపోయేది. పెళ్లి మాటలు ఒకటి రెండు వచ్చి, నేను లేచి నడవగానే వెనక్కి పోయాయి. నాయన పోయాక మగ్గం అమ్మేసి ఇక్కడికి వచ్చాను. చీరలకు కుచ్చులు వేస్తాను. అంగడి మనిషి సంచి ఇచ్చి పోతాడు, అయ్యాక వచ్చి పట్టుకుపోతాడు. మేడ ఎక్కడం దిగడం నా కాళ్లకు కష్టమే. కాని పట్టుదారం ముడి వేయడానికి వెలుతురు కావాలి, మేడ మీదైతే వెలుతురుకు కొదవ లేదు. అందుకని పైనే ఉంటాను. కిందికి దిగేది తక్కువ.

నాయన నాకు ఇచ్చిపోయినవాటిలో చదువు ఒకటి, చిన్న శివలింగం ఒకటి. బొటనవేలి కంటే కొంచెం పెద్దది, నల్లరాయి, కాటుకలాగా నిగనిగలాడేది. దాన్ని రాగి తాంబాళంలో పెట్టి పూజ చేసుకుంటాను. ఎండాకాలం వస్తే నాయన దాని మీద ధారపాత్ర కట్టేవాడు. అడుగున సన్నటి రంధ్రం ఉన్న రాగి చెంబు అది. నీళ్లు పోసి పైన వేలాడదీస్తే చుక్క చుక్కగా స్వామి తల మీద పడుతూ ఉంటాయి. మనకు ఎండగా ఉన్నప్పుడు ఆయనకు మాత్రం ఉండదా అనేవాడు నాయన. నేనూ ఆ పద్ధతి వదల్లేదు. ఊళ్లో ఉన్నన్నాళ్లూ వీధి కొళాయి నీళ్లు పోసేవాళ్లం. ఇక్కడ బోరు నీళ్లు పోశాను. క్యాను మోసుకొచ్చే ఆటో అతను మెట్లెక్కి ఒక్క క్యాను పెడితే అదే గొప్ప. చెంబు చెంబు స్వామికి పోస్తే నా పప్పుకు మిగలదు. నేను మంచినీళ్లు తాగి ఆయనకు బోరు నీళ్లు పోస్తున్నానే అని ఒకటి రెండు రోజులు మనసు పీకింది. ఆయనేమీ అనలేదు.

ఆ చుక్కల చప్పుడు నాకు బాగుండేది. కుచ్చులు ముడి వేస్తూ కూర్చుంటే గదిలో ఇంకెవరో ఉన్నట్టే అనిపించేది. అప్పుడప్పుడు ఆ చప్పుడు ఆగిపోయేది. చూస్తే రంధ్రం చుట్టూ సున్నం పేరుకుని మూసుకుపోయి ఉండేది. కుచ్చుల సూదితో పొడిచి తెరిచేదాన్ని. తాంబాళంలో నిలిచిన నీళ్లు మధ్యాహ్నం ఎండకు ఇంకిపోయేవి, సాయంత్రం మళ్లీ నిండేవి. అలా నిండుతూ ఎండుతూ లింగం చుట్టూ తెల్లటి గీతలు కట్టాయి. ఒకదాని పైన ఒకటి, అడ్డంగా, మూడు. నేను రోజూ చూస్తూనే ఉన్నాను. బిందె మీద ఏముందో ఇక్కడా అదే. బిందెనైతే చింతపండుతో తోముతాను, నాయన ఇచ్చిన రాయిని పులుపు పెట్టి రుద్దడానికి చెయ్యి రాలేదు. మెత్తటి గుడ్డతో తుడిచి ఊరుకున్నాను.

పక్కింటామె ఒకరోజు కూతురి చీరకు కుచ్చులు వేయించుకోవడానికి వచ్చింది. గొంతు పెద్దది, మనసూ పెద్దదే. చీర నా ఒళ్లో పెట్టి, పూజ అర వైపు చూసి ఆగిపోయింది.

"ఏమక్కా, సామికి ఈ విభూతి పట్టెలు బలే పెట్టినావే. ఇంత సన్నంగా ఎట్ల పెడతావు?"

"నేను పెట్టలేదు," అన్నాను.

"మరి ఎవురు పెట్టినారు?"

"ఎవురూ పెట్టలేదు."

ఆ మాట పూర్తి చేసేలోపే ఆమె రెండడుగులు వెనక్కి వేసి చేతులు జోడించింది. పటాల మీద విభూతి రాలిందని, ఫలానా వీధిలో ఫలానా ఇంట్లో అని, ఈ చుట్టుపట్ల విననివాళ్లు ఉండరు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అది నీళ్లదమ్మా. బోరు నీళ్ల సున్నం," అన్నాను.

"గమ్మునుండక్కా. నీళ్లకు మూడు పట్టెలు పెట్టేది తెలుస్తాదా? మా ఇంట్లోనూ అదే బోరు. మా బకెట్టుకు యాడన్నా పెట్టినాయా?"

నవ్వాను. ఆమె నా నవ్వును ఇంకోలా తీసుకుంది.

ఆ సోమవారం సాయంత్రం మెట్ల మీద అడుగుల చప్పుడైంది. పక్కింటామె వెంట ఎదురింటి పెద్దమ్మ, ఆమె వెనక ఇంకొందరు. తలా ఒక పువ్వో, అరటిపండో, కర్పూరం బిళ్లో తెచ్చారు. నా చాప చాలక దుప్పటి పరిచాను. వాళ్లకూ చెప్పాను, ఇది నీళ్ల సున్నమని. పెద్దమ్మ తల ఊపింది.

"సామి ఉన్నోళ్లు అట్లే అంటారు లేమ్మా. ఉండాడని చెప్పుకుంటే పోతాడు కదా."

అప్పటి నుంచి నేను కాదన్నకొద్దీ వాళ్లకు నమ్మకం ఎక్కువైంది. ప్రతి సోమవారం చెప్పాను. మెల్లగానే చెప్పాను. గట్టిగా చెప్పే గొంతు నాకు ముందు నుంచీ లేదు, ఆ సాయంత్రాలు అయితే మరీ లేదు.

ఆ సోమవారాలు ఎలా ఉండేవో ఎలా చెప్పాలి? మెట్ల మొదట్లో చెప్పుల గుట్ట. ఆ గుట్టను పిట్టగోడ మీద నుంచి వంగి చూసుకునేదాన్ని. శివనామం కాసేపే, తర్వాతంతా మాటలే. ఎవరి కోడలు ఎవరితో మాట్లాడటం లేదు, ఏ కూరకు పచ్చి చింతకాయ బాగుంటుంది, ఎవరి మొగుడు నిద్రలో పాట పాడతాడు. ఒకసారి పక్కింటామె తన భర్త గురించి, "సామీ, మా ఆయనకు రవ్వంత బుద్ధి ఇయ్యి, ఎక్కువ వద్దు, ఎక్కువిస్తే నన్నే తప్పు పడతాడు," అని మొక్కింది. పెద్దమ్మ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. బోరు నీళ్లతో టీ పెడితే పైన తెట్టు కడుతుంది, అందుకని క్యాను నీళ్లతోనే పెట్టేదాన్ని. క్యాను వారానికి ముందే అడుగంటేది. మిగిలిన రోజుల్లో నేను తక్కువ తాగి సర్దుకునేదాన్ని. దాహం వేసినప్పుడల్లా సోమవారం గుర్తొచ్చేది, అందుకని ఆ దాహం కూడా బాధగా ఉండేది కాదు. ఇంతమందిని నా గడప ఎక్కించినందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను. ఏ దారిన ఎక్కించాడన్నది మాత్రం అడగలేదు.

కింద ఇంటావిడ కూడా వచ్చేది. ఇల్లు వాళ్లదే, ముస్లిములు. నేను ఆమెను అక్కా అంటాను, ఆమె నన్ను అక్కా అంటుంది. ఎవరు పెద్దో ఇద్దరమూ తేల్చుకోలేదు. ఆమె గడప దగ్గర గోడకు ఆనుకుని కూర్చుని, టీ తాగి, అందరి మాటలకూ నవ్వి, దీపాలవేళకు దిగిపోయేది. లింగం గురించి ఒక్కమాటా అనేది కాదు.

ఎండలు ముదిరిన ఒక సోమవారం పక్కింటామె ఒక పిల్లను వెంటబెట్టుకొచ్చింది. వెనక వీధిలో కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయి, చంకలో మగబిడ్డ. బిడ్డ నిండుగా ఉన్నాడు, కళ్లు చురుగ్గా ఉన్నాయి. కాళ్లు మాత్రం చంకలోంచి మెత్తగా వేలాడుతున్నాయి.

"ఏడాదిన్నర దాటినా నిలబడడంట అక్కా," అంది పక్కింటామె. "అందుకే పిల్చుకొచ్చినా."

ఆ అమ్మాయి బిడ్డను దుప్పటి మీద కూర్చోబెట్టి, లింగం దగ్గరికి వెళ్లి మొక్కింది. చాలాసేపు మొక్కింది. తర్వాత నా వైపు తిరిగింది.

"అక్కా, ఆ విభూతి రవ్వంత తీసుకుంటా. దినమూ పాలల్లో కలిపి తాపిస్తా."

అడిగిందే గాని, నా జవాబు కోసం ఆగలేదు. తాంబాళం మీదికి వంగి గోటితో గీకబోయింది. నేను ఎలా లేచానో నాకు తెలియదు. మామూలుగా లేవాలంటే గోడ పట్టుకోవాలి నేను. ఆమె మణికట్టు పట్టుకున్నాను.

"వద్దమ్మా. నోట్లో పెట్టొద్దు అది."

"ఏమక్కా, మా బిడ్డకైతే వద్దా?" ఆమె మొహం ఎర్రబడింది. "ఇంతమందికి సామి ఉండాడు, మాకు లేడా?"

"రవ్వంత ఇయ్యక్కా," అంది పక్కింటామె. "అరిగిపోతాడా ఏమి?"

అందరూ నన్నే చూస్తున్నారు. ఆ పొడిలో ఏముందో నాకు తెలియదు, నేను చదివిన చదువు అంత దూరం పోలేదు. కాని ఇన్నేళ్లు నన్ను మోసిన ఈ కాళ్లు ఉన్నాయి. ఇన్ని వారాలుగా మెల్లగా చెబుతున్న మాటను మళ్లీ మెల్లగా చెబితే ఆ అమ్మాయి నాకు కనబడకుండా రేపో ఎల్లుండో వచ్చి గీక్కుపోతుంది. గట్టిగా చెబితే వీళ్లందరూ ఏమవుతారో కూడా నాకు అప్పుడే తెలుసు. మెట్ల మొదట్లో చెప్పులు గుర్తొచ్చాయి. పొయ్యి మీద టీ నీళ్లు కాగుతున్న చప్పుడు వినబడుతోంది.

వంటింట్లోకి వెళ్లి నిమ్మకాయ కోసి తెచ్చాను. ధారపాత్ర విప్పి పక్కన పెట్టి, లింగాన్ని అరచేతిలోకి తీసుకుని, 'తప్పయితే నాది' అనుకుని, నిమ్మచెక్కతో రుద్దాను. తెల్లటి పట్టె మీద సన్నగా బుస్సుమని నురగ లేచింది. కొళాయి మూతి మీద ఎలా లేస్తుందో అలాగే. తెల్లనీళ్లు నా వేళ్ల సందుల్లోంచి జారి తాంబాళంలో పడ్డాయి. ఒక గీత పోయింది, రెండోది పోయింది, మూడోది గట్టిగా పట్టుకుని ఉంటే ఇంకో చెక్క రుద్దాను. నాయన ఇచ్చిన నల్లరాయి నల్లగా బయటికొచ్చింది. ఇంకా తెల్లటి మరకలున్న స్టీలు గ్లాసు ఒకటి అక్కడే ఉంటే దాన్నీ రుద్ది చూపించాను. దాని మీదా అదే నురగ.

తర్వాత చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా ఎత్తాను. ఎవరి ముందూ ఎత్తింది లేదు నేను.

"ఈ కాళ్లు చూడమ్మా. మా ఊరి నీళ్లు చేసిన కాళ్లు ఇవి. ఈ పొడి నీళ్లదే, సామిది కాదు. సామి యాడికీ పోలేదు, ఈడనే ఉండాడు. బిడ్డను డాక్టరు దగ్గరికి తీసుకపో. పాలల్లో ఇది కలపొద్దు."

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ఆ అమ్మాయి బిడ్డను చంకనేసుకుంది. వాడు నా చేతిలోని నిమ్మచెక్క కోసం చెయ్యి చాచాడు. ఆమె ఆ చేతిని వెనక్కి లాగి మెట్లు దిగిపోయింది.

పెద్దమ్మ అరిటాకు మీది పువ్వులను చూస్తూ, "సామిని గీకేసినావు కదే," అంది. కోపంగా కాదు, ఎవరో పోయినప్పుడు అన్నట్టు అంది.

పక్కింటామె చివరిదాకా నిలబడింది. "నీళ్లదని ఇన్ని దినాలూ అంటానే ఉంటివి, నిజమే. మేమే పిచ్చోళ్లం. కాని ఇంతమంది ముందర నిమ్మకాయ పెట్టి రుద్దాల్నా? మేమొచ్చేది బరువుగా ఉంటే నోటితో చెప్పుంటే సరిపోయేది కదక్కా."

బరువా! నేను నోరు తెరిచాను. మీరు వస్తారనే నేను మూడు రోజుల దాహం దాచుకుంటున్నాను అని ఎవరైనా ఎలా చెబుతారు? ఆమె దిగిపోయింది. టీ అప్పటికి నల్లగా మరిగిపోయింది. పారబోయలేక, ఒక్కదాన్నే రెండు గ్లాసులు తాగాను.

తర్వాతి సోమవారం దుప్పటి పరిచాను. టీ నీళ్లు పెట్టాను. పిట్టగోడ దగ్గరికి వెళ్లి వంగి చూశాను. మెట్ల మొదట్లో ఏమీ లేదు. చీకటి పడుతుండగా కింద ఇంటావిడ ఒక్కతే పైకి వచ్చి, ఎప్పటిలాగే గడప దగ్గర కూర్చుంది. టీ గ్లాసు చేతికిచ్చాను.

"నాకు మొదటి దినమే తెలుసక్కా," అంది రెండు గుక్కలు తాగి. "మా గీజరు విప్పితే లోపలంతా ఇదే. గీకి గీకి సచ్చినాడు మా ఆయన."

"మరి చెప్పలేదే?"

"నేనంటే బాగుండదు కదక్కా. మీ దేవుడు, మీ మాట. ఇంటోళ్లు, పైగా తురకోళ్లు, ఎగతాళి చేసినారంటారు."

"తెలిసీ ప్రతి వారం వచ్చి కూర్చుంటివి."

ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంది. "అందరూ నవ్వుకుంటా ఉండిరి. కింద నేను మాత్రం ఎవురితో మాట్లాడేది? ఆయన అంగడికి పోతే రాత్రికే కదా." కింద కుక్కరు కూత పెట్టింది. ఆమె లేచి మెట్ల కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగింది. ఆమె మోకాళ్లూ పాడవుతున్నాయని నేను అప్పుడే చూశాను. ఆ తర్వాత ఆమె ఎక్కడం తగ్గించింది. నేను పిట్టగోడ మీద నుంచి, ఆమె వాకిట్లో నుంచి, ఏం వండావంటే ఏం వండావని ఒకరినొకరు అడుగుతాం. దానికీ దండమే పెట్టుకుంటాను.

పక్కింటామె తర్వాత ఇచ్చిన ఇంకో చీరకు కుచ్చులు పూర్తయ్యాయి. ఆమె రాలేదు, కూతుర్ని పంపి తెప్పించుకుంది. "బాగున్నాయనింది అమ్మ," అని ఆ అమ్మాయి చెప్పింది. ఆ మాట అమ్మ అన్నదో, పిల్లే మర్యాదకు కలిపిందో.

ఎండలు తగ్గేదాకా ధారపాత్ర కట్టాను. మధ్యాహ్నం తాంబాళంలో నీళ్లు ఇంకకముందే వంపేస్తున్నాను ఇప్పుడు, పట్టెలు కట్టకుండా. అయినా ఒక్కోరోజు పనిలో పడి మరిచిపోతే సన్నగా ఒక గీత కనబడుతుంది. గుడ్డతో తుడుస్తాను. తుడుస్తూ మెట్ల వైపు చూస్తాను. తుడవకుండా ఉంచితేనో అన్న ఆలోచన రాలేదని చెప్పను. వచ్చినప్పుడల్లా ఆ బిడ్డ కాళ్లు కళ్ల ముందు వేలాడతాయి, గుడ్డ ముందుకే జరుగుతుంది.

శ్రావణం వచ్చాక, వాన రాని ఒక మబ్బుల సాయంత్రం, వీధిలోంచి ఎవరో "అక్కా" అని పిలిచారు. పిట్టగోడ దగ్గరికి వెళ్లడానికి నాకు కాస్త సేపు పట్టింది. ఆ అమ్మాయే. చంకలో బిడ్డ. ఇంకా కొంచెం బరువెక్కాడు. ఆమె ఒక పక్కకు వాలి నిలబడింది.

"ఆస్పత్రికి పోయొచ్చినామక్కా, అనంతపురానికి," అని పైకి కేకేసింది. "మందు ఇచ్చినారు. దినమూ పొద్దన్నే ఎండలో ఆడించమన్నారు. క్యాను నీళ్లే తాపుతాండా."

"నిలబడతాండాడా?"

"ఇంగా లేదు. గోడ పట్టుకుంటాండాడు."

"పైకి రామ్మా. టీ పెడతా."

ఆమె మెట్ల వైపు చూసింది. బిడ్డను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది.

"పనుందక్కా. ఇంగోసారి వస్తా."

సందు మలుపు తిరిగేదాకా చూశాను. బిడ్డ తల్లి భుజం మీద నుంచి వెనక్కి చూస్తూనే పోయాడు. లోపలికి వచ్చి దీపం వెలిగించి, గోడ పట్టుకుంటున్నాడంట అని స్వామికి చెప్పాను. ఆయనకు నాకంటే ముందే తెలిసి ఉంటుంది. అయినా, అంత మంచి మాట విన్నాక ఎవరికో ఒకరికి చెప్పాలి కదా.